ఐదో పాటలోని గొంతు

నల్లగండ్ల,
15 జూన్ 2025.

పెదనాన్నగారికి,

కిరణ్మయి నమస్కారాలు. పెద్దమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నేను పంపిన నూనె ఆవిడ వాడటం లేదని నాకు తెలుసు. వాసన పడదని అటక మీద పెట్టేసి ఉంటారు.

ఫోన్లో వాదిస్తే గొంతు పెద్దదైనవాడే గెలుస్తాడు, పాట మీద అభిప్రాయం కాగితం మీదే చెప్పాలి అన్నది మీ నియమం కదా. ముప్ఫై ఏళ్లు రేడియోలో రికార్డింగులు చేసిన మనిషి మాట కాదనలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. కవరులో పెన్‌డ్రైవ్ ఉంది. అందులో ఈ నెల వచ్చిన నాలుగు ఆల్బమ్‌లు పెట్టాను. అనిల్ నడిపే వెబ్ పత్రికకు వాటి మీద నేను రాసిన సమీక్షలు ప్రింటు తీసి జతచేశాను.

మొదటిది వీణకు కంప్యూటర్ తాళం కలిపిన ఆల్బమ్. నాకు నచ్చలేదు. వీణ ఎక్కడ ఊపిరి తీసుకోబోయినా ఆ తాళం తోసుకుంటూ పోతుంది. రెండోది నిజాంపేట హాస్టల్లో ఉండే శివ అనే కుర్రాడి ర్యాప్. గదిలో ఆరుగురు, ఒక్క ఫ్యాను, అద్దం ముందు వరస. వాటి మీదే తొమ్మిది పాటలు కట్టాడు. నవ్వొచ్చింది, చివర్లో ఏడుపొచ్చింది. మూడోది గిటార్లు ఉరిమే మెటల్. మీరు సగం వినేసరికి పెద్దమ్మ స్విచ్ తీసేస్తారు.

నాలుగోది 'చినుకుల చెలక'. మా కంపెనీలో నాకు రెండు మెట్లు పైనున్న దినేశ్‌గారు సెలవురోజుల్లో సంగీతం చేస్తారు. ఆయనదే ఇది. మా ఆఫీసు ఉత్సవంలోనే విడుదలైంది. ఆ వీడియో కూడా పెట్టాను, అక్కడ పంచిన పాటల పుస్తకం కవరులో ఉంది. జానపదానికి యంత్రాల హంగు కట్టి, చాలా చోట్ల పాటను కనబడకుండా చేశారని ధైర్యం చేసి రాశాను. ఐదో పాటను మాత్రం మెచ్చుకున్నాను. జ్యోత్స్న అనే అమ్మాయి పాడింది. "చాలు, విడువకు వదినే" అన్న చరణం వినండి.

మీ అభిప్రాయం దాచకుండా రాయండి.

మీ
కిరణ్మయి

*

కాకినాడ,
24 జూన్ 2025.

చిరంజీవి కిరణ్మయికి,

పెదనాన్న దీవెనలు. నూనె అటక మీద లేదు, దేవుడి గదిలో ఉంది. దీపంలో పోసేద్దామనుకుందిట మీ పెద్దమ్మ.

నీ సమీక్షలు చదివాను. వాక్యం బాగా నడుస్తోంది. కానీ అమ్మాయ్, నువ్వు వినే పద్ధతి నాకు నచ్చలేదు. ఆఫీసు బస్సులో, చెవుల్లో గింజలు పెట్టుకుని, బయట హారన్లు మోగుతుంటే విని వీణ మీద తీర్పు చెబుతావా? మూడుసార్లు వినందే కలం పట్టకూడదు. మొదటిసారి పాట వినబడుతుంది, రెండోసారి మనిషి వినబడతాడు, మూడోసారి మన తప్పు మనకు వినబడుతుంది. వీణ ఆవిడ తొందరపడలేదు. నాలుగో కీర్తనలో యంత్రాన్ని కావాలనే ముందుకు పోనిచ్చి తను వెనకబడింది. అదొక చమత్కారం. నీకు అందలేదు.

ర్యాప్ కుర్రాడి సంగతి నువ్వన్నదే నిజం. మాటకు మాట అతికించే నేర్పుంది. మెటల్ మొత్తం విన్నాను. మీ పెద్దమ్మ స్విచ్ తీయలేదు. మిక్సీ అనుకుందిట.

ఇక ఐదో పాట! ఎన్నేళ్లయిందో అలాంటి గొంతు విని. శుభ్రంగా నేల మీద నడిచిన గొంతు. "చాలు, విడువకు" అన్నచోట విరహం ఎంత గుట్టుగా పలికించిందనీ! నాకు ఆగలేదు. పాటల పుస్తకంలో ఉన్న చిరునామాకు ఆ జ్యోత్స్న పేర మూడు పేజీల ఉత్తరం రాసి పడేశాను.

నీ పెదనాన్న,
నరసింహమూర్తి

*

నల్లగండ్ల,
6 జూలై 2025.

పెదనాన్నగారికి నమస్కారాలు.

వీణ ఆల్బమ్ మళ్లీ విన్నాను. మీరే గెలిచారు. సవరణ రాసి అనిల్‌కు పంపాను. అయితే నా సమీక్షల మీద అర పేజీ, ముక్కూ మొహం తెలియని గాయనికి మూడు పేజీలూ రాశారు. కాస్త కుళ్లుకున్నానని ఒప్పుకుంటున్నాను.

అసలు విషయం అది కాదు. నేనూ, నా ఇద్దరు స్నేహితురాళ్లూ ఉంటున్న ఈ ఫ్లాటులో భాగ్యమ్మ అని ఒకావిడ వంట చేస్తుంది. యాభై దాటి ఉంటాయి. నల్లగండ్ల పాత ఊరు ఆవిడది. మొన్న ఆదివారం వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. నేను హాల్లో ఐదో పాట పెట్టాను. రెండో చరణానికి కత్తి చప్పుడు ఆగిపోయింది. భాగ్యమ్మ తడిచేతులతో వచ్చి నిలబడింది.

"గిది నా గొంతేనమ్మా," అంది.

నేను నవ్వాను. అలా నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"నవ్వకు బిడ్డా. గిది మా అత్త రుక్కమ్మ కట్టిన పాట. విత్తనాలేసేటప్పుడు పాడుతుంటిమి. రెండేండ్ల కింద ఆ పెద్ద గేటు ఇండ్ల కాడ బతుకమ్మ ఆడితే, ఒక సారు వచ్చి, అమ్మా జర మంచిగ పాడు, యాదికి పెట్టుకుంట అన్నడు. పాడిన. శీర వెట్టి పంపిండు."

"ఆ సారు పేరేమిటి?"

"దినేశ్ సారు. మీ ఆఫీసాయనే గద?"

ఆవిణ్ణి వెనక్కి తీసుకెళ్లాను. వంటింట్లోనే నిలబెట్టి పాడించి ఫోన్లో రికార్డు చేశాను. ఈ పెన్‌డ్రైవ్‌లో అదొక్కటే ఉంది. నా చెవులకు రెండూ ఒకటే గొంతు. కానీ నా చెవుల మీద మీకు నమ్మకం లేదు కదా. మీరు విని చెప్పండి. మీరు అవునంటే రాస్తాను. దినేశ్‌గారు నాకు పైఅధికారి అని తెలిసే అడుగుతున్నాను.

కిరణ్మయి

*

కాకినాడ,
14 జూలై 2025.

చి. కిరణ్మయికి,

నీ ఉత్తరం నాకు నచ్చలేదు. ఉన్నమాట రాస్తాను, కోపం తెచ్చుకోకు.

నేను వేరొకరిని మెచ్చుకున్నానని కుళ్లుకున్నట్టు నువ్వే రాశావు. ఆ వెంటనే ఆ పిల్ల గొంతు ఆమెది కాదంటున్నావు. చూసేవాళ్లు ఏమనుకుంటారు? ఒక పాట ఊరంతా మోగుతున్నప్పుడు వంటింట్లో ఎవరైనా అలాగే పాడతారు. మీ పెద్దమ్మా పాడుతుంది. ఆవిడ అబద్ధమాడుతోందని అనను, భ్రమపడి ఉండవచ్చు.

ఇంకొకటి. "చాలు, విడువకు" అన్నది ప్రియుణ్ణి బతిమాలిన మాట, వదినకు చెప్పుకుంటోంది. అది విత్తనాలు జల్లే పాట ఎలా అవుతుంది? ఆ ఒక్క ముక్కతోనే ఆవిడ చెప్పిన కథ నిలవదని తేలిపోయింది. ఒక గాయని పరువు తీసే రాత రాసేముందు పదిసార్లు ఆలోచించు. నీ ఉద్యోగం సంగతి సరేసరి.

నరసింహమూర్తి

*

నల్లగండ్ల,
20 జూలై 2025.

పెదనాన్నగారికి,

పాట విత్తనాలదా విరహానిదా అని నాలుగు వాక్యాలు రాశారు. నేను పంపిన రికార్డు ఎలా ఉందో ఒక్క ముక్క రాయలేదు. మూడుసార్లు వినాలని నాకు చెప్పిన మీరు, భాగ్యమ్మను ఒక్కసారైనా విన్నారా?

మీ ఉత్తరంలో ఏముందని ఆవిడే అడిగింది. "పెద్దసారు ఏమన్నడు?" అంది. చెప్పలేక, ఇంకా జవాబు రాలేదన్నాను. మొదటిసారి మీ కోసం అబద్ధమాడాను.

ఇకమీదట పెన్‌డ్రైవ్‌లు పంపి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. పెద్దమ్మను అడిగానని చెప్పండి.

కిరణ్మయి

*

కాకినాడ,
2 ఆగస్టు 2025.

చి. కిరణ్మయికి,

నేను వినలేదు. నీ ఉత్తరం వచ్చేవరకూ ఆ పెన్‌డ్రైవ్ కవరులోంచే తీయలేదు. అరవై ఎనిమిదేళ్ల వయసులో ఈ మాట రాయవలసి వచ్చింది. రాస్తున్నాను.

మధ్యాహ్నం భోజనమయ్యాక పెట్టాను. మొదట భాగ్యమ్మగారి పాట. కుక్కరు కూత, కుళాయి చప్పుడు, వాటి మధ్య ఆ గొంతు. పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న మీ పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఇదేంటండీ, నాగటి వెనకాల పాడే పాటలా ఉందే," అంది.

"కాదు కనకం, విరహం. చాలు, విడువకు అంటోంది."

"చాలు అంటే నాగటి చాలు కాదుటండీ? మా పుట్టింటి పొలంలో నేనూ గింజలు వేశాను. నాగలి వెనకాలే నడుస్తూ చాల్లో గింజ పడేలా వదలాలి. చాలు తప్పితే మా నాన్న కేకలేసేవాడు. చాలు విడవకు వదినా అని పక్కదానికి చెబుతోంది, అంతే! విరహమేమిటి మీ మొహం!"

కిరణ్మయీ, నలభై ఐదేళ్లుగా నాతో కాపురం చేస్తున్న మనిషి నన్ను ఇంత సులువుగా ఓడించడం ఇదే మొదలు.

ఆ తర్వాత రెండు రోజులు మూడు రికార్డులూ పక్కపక్కన పెట్టి విన్నాను. ఆల్బమ్‌లోని గొంతు "సాలిడువకు" అని ఒక్క ఊపిరిలో, ఒక్క మాటగా అంటుంది. భాగ్యమ్మగారూ అంతే. మీ ఉత్సవం వీడియోలో జ్యోత్స్న మాత్రం, పుస్తకంలో అచ్చయినట్టే, "చాలు" దగ్గర ఆగి, కళ్లు మూసుకుని, "విడువకు" అంటుంది. మాట అర్థం తెలిసినవాళ్లు అక్కడ ఆగరు. ఆల్బమ్‌లో ఆ గొంతు ఆగలేదు కనక అది జ్యోత్స్నది కాదు.

ఇంకా ఉంది. ఆల్బమ్‌లో చరణం ముగిసి యంత్రాలు ఆగినచోట, గొంతు వెనకాల చప్పట్లు సన్నగా వినబడతాయి. గదిలో కొట్టినవి కావు, ఆరుబయట గుంపుగా కొట్టినవి. దినేశ్‌గారు బాగానే తుడిచారు గానీ అంచులు మిగిలాయి. ఆవిడ చెప్పిన బతుకమ్మ అదే.

ఇదంతా నిమిషాలూ సెకండ్లతో సహా విడిగా రాసి, సంతకం చేసి జతపరిచాను. నా పేరు వేసుకో. విరహమని పొరబడ్డ సంగతి కూడా వదలకుండా వెయ్యి. భాగ్యమ్మగారికి నా తరఫున క్షమాపణ చెప్పు. జవాబు ఆలస్యమైందని కాదు, ఉన్నదున్నట్టు చెప్పు.

నరసింహమూర్తి

*

నల్లగండ్ల,
17 ఆగస్టు 2025.

పెదనాన్నగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మొత్తం భాగ్యమ్మకు చదివి వినిపించాను. నేను ఆడిన అబద్ధం కూడా చెప్పేశాను. పెద్దమ్మ మాటల దగ్గర పడీపడీ నవ్వింది. "గామె ఎరికున్న మనిషి," అంది. మీ క్షమాపణకు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్లీ చదవమంది.

వ్యాసం పదో తేదీన వచ్చింది. నేను కూడా ఆ మాటను ప్రేమ అనుకునే మెచ్చుకున్నానని మొదటి వాక్యంలోనే రాశాను. మర్నాడే దినేశ్‌గారు పిలిచారు. కోపంగా లేరు, అదే భయం వేసింది.

"ఆ గొంతును గుర్తుపట్టింది నేను. నేను లేకపోతే ఆ పాట ఎవరు వింటారు కిరణ్మయీ?" అన్నారు.

"మీరు గుర్తుపట్టారు సార్. పేరు ఎందుకు గుర్తుపెట్టుకోలేదు?" అన్నాను.

ఆయన లాయరు నోటీసుకు అనిల్ బెదిరి వ్యాసం తీసేశాడు. ఆఫీసు పరువు తీశానని మానవ వనరుల విభాగం సంజాయిషీ అడిగింది. దినేశ్‌గారు ఉండే ఆ పెద్ద గేటు లోపల భాగ్యమ్మ వంట చేసే రెండు ఇళ్లవాళ్లు ఇక రావద్దన్నారు. అది తెలిసి నేను ఏడిస్తే ఆవిడే నన్ను సముదాయించింది.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. గా ఇండ్లు లేసిన జాగలనే మా అత్త ఎనుక నేను గింజలేసిన. నన్ను గేటు బయట నిలవెడితే పాట బయటికొస్తదా? నాకు గాళ్ల శీరలొద్దు, ఏమొద్దు. కట్టింది రుక్కమ్మ, పాడింది భాగ్యమ్మ. గీ రెండు పేర్లు రాస్తే సాలు."

ఏం చేయాలో తోచడం లేదు పెదనాన్నా. జ్యోత్స్న నోరు విప్పితే తప్ప మన మాట నిలవదు. ఆమె ఫోను ఎత్తడం లేదు. మీరు ఆమెను మెచ్చుకుంటూ రాసిన ఆ మూడు పేజీలు దినేశ్‌గారి వైపు సాక్ష్యంగా వాడతారేమోనని కూడా భయంగా ఉంది.

కిరణ్మయి

*

కాకినాడ,
26 ఆగస్టు 2025.

చి. కిరణ్మయికి,

ఇవాళ జ్యోత్స్న జవాబు వచ్చింది. మూడు పేజీలు రాసినందుకు నన్ను దెప్పావు కదా, ఇక దెప్పకు. ఆమె రాసింది ఇక్కడ దించుతున్నాను.

"నరసింహమూర్తిగారికి, మీ ఉత్తరం రెండు నెలలుగా నా బ్యాగులోనే ఉందండి. ఇంత మంచి మాటలు నా గురించి ఎవరూ రాయలేదు. అవి నావి కావండి. ఆ పాటలో నేను పాడింది వెనక వచ్చే కోరస్ మాత్రమే. ముందు గొంతు ఏదో సౌండ్ లైబ్రరీ నుంచి కొన్నదని నాకు చెప్పారు. పుస్తకంలో నా పేరు చూసి అడిగాను. ఊరుకుంటే నీకే మంచిది, అవకాశాలు వస్తాయి అన్నారు. ఊరుకున్నాను. 'ఈ గొంతు నేల మీద నడిచింది' అని మీరు రాశారు. నేను పన్నెండో అంతస్తులో పుట్టి పెరిగానండి. అది చదివిన ప్రతిసారీ ఆ గొంతు గల మనిషి ఎక్కడో వంట చేసుకుంటోందో, రాళ్లు మోస్తోందో అనిపించేది. మీ అమ్మాయి వ్యాసం కనబడి, మర్నాటికి మాయమైంది. ఇక ఊరుకోను. పేరు పెట్టి, మొహం చూపించి చెబుతాను."

చూశావా! ఆ మూడు పేజీలూ తప్పు చిరునామాకు వెళ్లాయి గానీ చేయవలసిన పని చేశాయి. ఆమె ఇంటి చిరునామా వెనక రాశాను. భాగ్యమ్మగారిని తీసుకుని వెళ్లు. ముందు మెచ్చుకో. ఆ పిల్లకు ఇప్పుడు ధైర్యం కావాలి.

నరసింహమూర్తి

*

నల్లగండ్ల,
28 సెప్టెంబరు 2025.

పెదనాన్నా, పెద్దమ్మా!

ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. చేయి ఆగడం లేదు, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకోండి.

జ్యోత్స్న ఇంటికి వెళ్లినప్పుడు ఆ పిల్ల తలుపు తీసి భాగ్యమ్మ కాళ్లకు దండం పెట్టబోయింది. భాగ్యమ్మ లేపి, "గా కోరస్ నువ్వేనా? మంచిగ పాడినవ్. జర ముక్కుల పాడుతున్నవ్, గంతే," అంది! ఇద్దరూ సోఫాలో కూర్చుని పాడిన వీడియోనే జ్యోత్స్న లోకమంతా చూసేలా నెట్లో పెట్టింది. ఏం జరిగిందో తనే చెప్పి, ఆ తర్వాత భాగ్యమ్మ చేత 'సాలిడువకు' పాడించింది. మూడు రోజుల్లో మా ఆఫీసులో దాన్ని చూడని మనిషి లేడు. లిఫ్టుల్లో అదే, క్యాంటీన్లో అదే. అనిల్ వ్యాసాన్ని తిరిగి పెట్టి, భయపడి తీశానని తనే కింద రాశాడు. నా మీద అడిగిన సంజాయిషీ వెనక్కి తీసుకున్నారు.

దినేశ్‌గారు తనంతట తాను భాగ్యమ్మ ఇంటికి వచ్చారు. నేనక్కడే ఉన్నాను. మంచం అంచున కూర్చుని, "తప్పు చేశానమ్మా. మొదట్లో పేరు తెలియలేదు. తర్వాత తెలుసుకోవాలనిపించలేదు," అన్నారు. ఆ రెండో మాట చెప్పినందుకు నాకు ఆయన మీద కొంచెం గౌరవం కలిగింది. ఆల్బమ్ ఇప్పుడు ఎక్కడ విన్నా పాట కింద పేర్లుంటాయి. కట్టినది రుక్కమ్మ, పాడినది భాగ్యమ్మ, కోరస్ జ్యోత్స్న. చరణం కూడా దిద్దారు.

నిన్న మా ఆఫీసుల ముందున్న మైదానంలో బతుకమ్మ. నాలుగైదు కంపెనీలవాళ్లు కలిసి చేశారు. వేదిక మీదకు రమ్మంటే భాగ్యమ్మ ఎక్కలేదు. "కిందనే పాడుత. పాట నడుచుకుంట పాడేది," అంది. మైకు చేత్తో పట్టుకుని అద్దాల మేడల మధ్య ఆ పొడవైన పచ్చిక మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూ మొదలుపెట్టింది. వెనక జ్యోత్స్న, ఆ వెనక నేను. మలుపు తిరిగి చూస్తే మెడలో గుర్తింపు కార్డులతో వందల మంది ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. "సాలిడువకు వదినే" అని అంతమంది ఒక్క ఊపిరిలో అన్నారు పెదనాన్నా, ఎవరూ మధ్యలో ఆగలేదు! నన్ను సంజాయిషీ అడిగినావిడ నా ముందే చప్పట్లు కొడుతూ నడిచింది. వద్దన్న రెండు ఇళ్లవాళ్లు మళ్లీ పనిలోకి రమ్మన్నారు. భాగ్యమ్మ వాళ్లకు ఏమని చెప్పిందో తెలుసా? "ఇప్పుడు తీరుబాటు లేదమ్మా. నా సొంత పాటల రికార్డు ఉన్నది," అంది.

నిజమే. పది పాటల ఆల్బమ్. దినేశ్‌గారి స్టూడియోలోనే. "ఆయనతో ఎందుకు?" అని నేను గొడవ పెట్టుకున్నాను. "మిషిన్ల పని మంచిగొస్తది ఆయనకు. పేర్లు రాసుడు గూడ ఇప్పుడు నేర్సుకుండు," అని తేల్చేసింది.

మీ
కిరణ్మయి

*

కాకినాడ,
20 నవంబరు 2025.

చి. కిరణ్మయికి,

భాగ్యమ్మగారి ఆల్బమ్ అందింది. వేళకు, కుదురుగా, మూడుసార్లు విన్నాను. అనిల్ అడిగిన సమీక్ష జతచేశాను. ఆవిడ మన మనిషి అయిపోయిందని మొహమాటపడలేదు. మొదటి రెండు పాటలూ, ఆరో పాటా తెలుగులో ఈ ఏడు వచ్చిన అన్ని రకాల ఆల్బమ్‌లలోనూ పైవరసలో నిలబడతాయి. దినేశ్ ఈసారి యంత్రాలను గుమ్మం బయటే ఉంచాడు. మూడో పాటలో రెండో చరణం దగ్గర శ్రుతి జారింది. ఏడో పాట మరీ సాగింది, సగానికి ఆపవచ్చు.

ఆవిడ నొచ్చుకుంటుందేమో అని మీ పెద్దమ్మ రెండు రోజులు నాతో పోట్లాడింది. నొచ్చుకుంటే చెప్పు, నేను వచ్చి మాట్లాడతాను. కానీ రాసింది మార్చను.

నరసింహమూర్తి

*

నల్లగండ్ల,
30 నవంబరు 2025.

పెదనాన్నగారికి నమస్కారాలు.

మీ సమీక్షను ఇవాళ భాగ్యమ్మ ఇంటి ముందర కూర్చుని గట్టిగా చదివాను. పక్కిళ్లవాళ్లు కూడా వచ్చారు. మెచ్చుకోలు వచ్చినచోట ఆవిడ తల దించుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది. మూడో పాట దగ్గరికి వచ్చేసరికి నా గొంతు తగ్గింది. ఆవిడ చేట పక్కన పెట్టింది.

"గట్టిగ సదువు," అంది.

చదివాను. భాగ్యమ్మ శ్రుతి జారింది అని, పేరుతో సహా. ఆవిడ మొహం ఒక్కసారి విప్పారింది. చుట్టూ ఉన్నవాళ్ల వైపు తిరిగి, "ఇన్నరా? భాగ్యమ్మ తప్పు పాడింది అని రాసిండు పెద్దసారు! అప్పుడు ఊరంత మెచ్చుకున్నరు, మెచ్చుకునుడు ఇంకొకలకు పోయింది. ఇప్పుడు తప్పు గూడ నాదే అని అచ్చేసిన్రు. గిప్పుడు గది నా పాట," అంది.

నేను ఏడో పాట సంగతి కూడా చదివాను. దానికి మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని లేచింది. మీకు రాయమని చెప్పిన మాటలు ఆవిడ నోట వచ్చినట్టే రాస్తున్నాను.

"సారుకు రాయి బిడ్డా. మూడో పాట తప్పు ఒప్పుకుంటున్న, మళ్ల పాడుత. ఏడోది ఒప్పుకోను. మా చెలక గంత పొడుగుండె. గా కొసకు పోయేదాంక పాట ఆగొద్దు. సగంల ఆపితే సగం సాలుకే గింజ పడ్తది. కావాలంటే సారును రమ్మను, నా ఎనుక నడ్వమను, అప్పుడు సెప్పమను పొడుగైందో లేదో. కింద నా పేరు రాయి. భాగ్యమ్మ అని రాయి, పెద్దగ రాయి."

రాశాను.

భాగ్యమ్మ